మా తమ్ముడి రాయి మీద లాటిన్

నేను భాషాభిమానిని కాను. ముందు ఈ మాట చెప్పి మిగతా సంగతికి వస్తాను, ఎందుకంటే గోదావరిఖనిలో సగం మంది నన్ను అదే అనుకుంటున్నారు. స్మారక స్తూపం ప్రారంభం రోజు నేను తెలుగు కోసం గొడవ చేశానట. రాయి మీద పరాయి భాష చూసి కడుపు మండిందట. మొన్న కూరగాయల బండి దగ్గర ఒకాయన రెండు చేతులూ జోడించి, "మేడం, మీలాంటోళ్లు ఉండబట్టే మన తెలుగు బతుకుతున్నది" అన్నాడు. ఆయన చేతిలోని కొత్తిమీర కట్ట లాక్కుని నెత్తిన కొట్టాలనిపించింది. మా కాలేజీలో తెలుగు చెప్పే ఆయన ఇంకో అడుగు ముందుకేసి శాలువా కప్పిస్తానన్నాడు. ఎండాకాలం వద్దులెండి, చలికాలం చూద్దాం అన్నాను.

అబద్ధం. లాటిన్ మీద నాకు కోపం ఎందుకుంటుంది? ఇన్నేళ్లుగా దాని పుణ్యానే తింటున్నాను. జూనియర్ కాలేజీలో బాటనీ చెబుతాను. వేపచెట్టును అజాడిరక్టా ఇండికా అని పిల్లల చేత వల్లె వేయించి, ఒక్క అక్షరం తప్పితే మార్కు కోసే మనిషిని. నా గొడవ భాషతో కాదు. దాని వెనక నక్కిన మనుషులతో.

మా తమ్ముడు బాయిలో పోయాడు. మా వైపు బొగ్గుగనిని బాయి అనే అంటాం. మొదటి షిఫ్టులో పైకప్పు బండ కూలి నలుగురు చనిపోయారు, అందులో వాడొకడు. నాకన్నా బాగా చిన్నవాడు. నా పెళ్లిలో నా కొంగు పట్టుకుని, "అక్కతోని నేను గూడ పోత" అని మండపంలో పొర్లాడినవాడు. డిగ్రీ మధ్యలో మానేసి నాన్న ఉద్యోగంలోకి వెళ్లాడు. నేను తిట్టాను. "ఇంట్ల ఇద్దరు సదువుకుంటె కొట్లాటలు ఎక్కువైతయక్కా" అని నవ్వాడు.

బాయిలో ఒక పద్ధతి ఉంది. పని మొదలుపెట్టే చోట పైకప్పును కట్టెతో కొట్టి వింటారు. బండ గట్టిగా ఉంటే కంచుగిన్నెలా మోగుతుంది. లోపల పొర విడిపోయి ఉంటే పగిలిన కుండ చప్పుడు చేస్తుంది. కొత్తగా దిగినవాడికి మొదట నేర్పేది ఇదే. మావాడికి అది ఒంటికి పట్టేసింది. ఎవరింటికి వెళ్లినా ఏదో ఒకదాన్ని కొట్టి చూడాల్సిందే. మా వంటింటి స్లాబును చీపురు కట్టెతో కొట్టి, "ఓ అక్కా, గీ స్లాబు కింద అన్నం వండుతున్నవా? దీనికంటె మా బాయి నయం. బావను హెల్మెట్ పెట్టుకొని పండుకొమ్మను" అనేవాడు. మా ఆయన సాయబు గారి దుకాణం నుంచి పుచ్చకాయ తెస్తే అది కూడా వాడే కొట్టి చెప్పాలి.

చనిపోవడానికి ముందు రోజు సాయంత్రం అమ్మ ముందు కూర్చుని అన్నం తింటూ అన్నాడట: "ఆడ బండ మోగుతలేదే అవ్వా. చెప్తనే ఉన్నం." అమ్మ, "చెప్పినంక సూస్తరు తియ్యి, తిను" అంది. అంతే. ఆ మాటను అమ్మ ఇప్పటికీ చెంగు కొసన కట్టుకున్నట్టు మోస్తోంది.

తర్వాత ఊళ్లో తిరిగిన కథ వేరు. నలుగురూ టిఫిన్ డబ్బాలు పట్టుకుని పైకప్పుకు ఆనించిన సపోర్టు దాటి ముందుకు పోయారట. చల్లగా ఉంటుందని అక్కడ కూర్చున్నారట. ఎవరు పుట్టించారో తెలియదు గానీ పరామర్శకు వచ్చినవాళ్ల నోళ్లలో కూడా అదే వినపడింది. మా ఇంట్లో చాయ్ తాగుతూ మా తమ్ముడి తప్పు మాకే చెప్పి పోయారు. విచారణ కూడా జరిగింది. ప్రమాదం జరిగిందని తేలింది. ఆ సంగతి మాకు అంతకుముందే తెలుసు.

మా మరదలికి ఆఫీసులో ఉద్యోగం ఇచ్చారు. ఆమె పేరు మీద క్వార్టర్ వచ్చింది. అమ్మ, ఇద్దరు పిల్లలు, ఆమె అందులోనే ఉంటారు. ఉద్యోగం వచ్చాక మాట్లాడకూడదని ఎవరూ కాగితం మీద రాసివ్వలేదు. రాయనక్కర్లేదు కూడా. మా బొగ్గు బెల్టులో పిల్లలు నడక నేర్చుకున్నట్టు ఇదీ నేర్చుకుంటారు.

ఆ బాయి ఇప్పుడు మూసేశారు. మూసేశాక ప్రేమలు పుట్టుకొచ్చాయి. అందులో పనిచేసి రిటైరైన ఆఫీసర్లు, పాత యూనియన్ లీడర్లు, కాలనీ పెద్దలు కలిసి ఒక కమిటీ వేసుకుని, పాత గేటు దగ్గరి మూడు బాటల కాడ స్తూపం కడతామన్నారు. రాయి మీద ఏం రాయాలో నాలుగు కుటుంబాలూ చెప్పాలన్నారు. మంచిదే కదా అనుకున్నాం.

నాలుగిళ్ల వాళ్లం మా మరదలి క్వార్టర్‌లో కూర్చున్నాం. నస్పూర్ నుంచి ఒక పిల్లవాడి భార్య వచ్చింది. రామగిరి వైపు పల్లె నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు, పత్తి చేను వదిలి. పక్క వీధి ముస్లిం పెద్దామె వచ్చింది, ఖాలా అంటాం, పిన్ని అన్నట్టు. ఆమె కొడుకూ మావాడూ ఒకే బండి మీద డ్యూటీకి పోయేవాళ్లు. కమిటీ వాళ్లు నమూనాగా పంపిన మాటలు నేను చదివి వినిపించాను. నల్లబంగారం కోసం ప్రాణాలిచ్చిన వీరులకు వందనం అని మొదటిది.

"ఇచ్చిన అంటె ఏంది?" అంది అమ్మ. "ఆడు ఇయ్యలే. ఆడు తిని, డబ్బ కట్టుకొని, సాయంత్రం వస్త అని పోయిండు. ప్రాణాలిచ్చుడేంది, చందా ఇచ్చినట్టు?"

రెండోదాంట్లో జోహార్లు ఉన్నాయి, మూడోదాంట్లో అమరజ్యోతి ఉంది. పత్తి చేను పెద్దమనిషి చెయ్యి ఊపి, "అయ్యన్ని ఏ రాయి మీదనైనా ఉంటయి బిడ్డా. మనోళ్ల ముచ్చట ఏదన్న రాయి" అన్నాడు.

అప్పుడు అమ్మే అంది. "మావోళ్లు ముందుగాల్నే చెప్పిండ్రు. ఎవ్వలు ఇనలే."

ఖాలా కొంగుతో మూతి కప్పుకుని తల ఊపింది. "హమారా బచ్చా బీ వహీచ్ బోలా థా" అంది. వాళ్ల పిల్లవాడూ ఇంట్లో అదే చెప్పాడు. పెద్దమనిషి కొడుకు అదే చెప్పాడు. నస్పూర్ అమ్మాయి, "మా ఆయన గూడ గదే చెప్పిండు, ఆ పొద్దు డ్యూటీకి పోబుద్ధి గాలె అన్నడక్కా, నాగా పెడితె హాజరు మస్టర్లు తక్కువైతయని నేనే తోలిచ్చిన" అని గోడకు తల ఆనించింది. నాలుగిళ్లలో నాలుగు నోళ్లు చెప్పిన మాట అది. అదే రాసి ఇచ్చాం. వాళ్లు ముందే చెప్పారు. ఎవరూ వినలేదు. దానికి అచ్చు తెలుగు వేయడం తప్ప నేను చేసిందేమీ లేదు.

వారం తిరక్కుండా కమిటీ అధ్యక్షుడు నేను అమ్మ దగ్గరున్నప్పుడు మరదలి క్వార్టర్‌కే వచ్చాడు. రిటైరైన పెద్ద ఆఫీసరు. మనిషి మెత్తన. చెప్పులు గుమ్మం బయట వరసగా విడిచి, అమ్మ ఎదురుగా ఉంటే లేచి దండం పెట్టే రకం. ఇలాంటివాళ్లతో పోట్లాడటం కష్టం. అరిచేవాడైతే నాకు తేలిక.

"అమ్మా, మీ మాట ఒక్క అక్షరం మార్చం. మీరిచ్చింది ఇచ్చినట్టే రాయి మీదకు ఎక్కుతుంది" అన్నాడు. అమ్మ ముఖం విప్పారింది. నేను కూడా ఆశ్చర్యపోయాను. అప్పుడు నా వైపు తిరిగి, "కాకపోతే మేడం, లాటిన్‌లో పెడదామని" అన్నాడు.

"దేంట్ల?"

"లాటిన్. నేను సర్వీసులో ఉండగా ఒకసారి యూరప్ పంపించారు. అక్కడ గనుల ఊళ్లలో స్మారకాలన్నీ లాటినే. ఎంత హుందాగా ఉంటాయో. వెయ్యేళ్లయినా చెరగని భాష. మన కార్మికులు వాళ్లకంటే తక్కువా చెప్పండి?"

"మరి ఎవలు రాస్తరు సార్?"

"మీరే. బాటనీ మేడం మీరు. మీ సబ్జెక్టంతా లాటినే కదా."

"సార్, నాకొచ్చింది చెట్ల పేర్లు. దాంతోని వాక్యం రాయమంటె, స్టేషన్ల పేర్లు వచ్చినోణ్ని రైలు నడపమన్నట్టు ఉంటది."

ఆయన నవ్వాడు. ఈ బెల్టు మొత్తంలో మీరు కాక ఇంకెవరున్నారమ్మా అన్నాడు. అది నిజం కాదని ఇద్దరికీ తెలుసు. ఫోన్‌లో కొడితే ఏ భాషైనా వస్తోంది ఇప్పుడు. కానీ మేం రాస్తే మా చేత్తో మేమే ఒప్పుకున్నట్టవుతుంది. అది నాకు అప్పుడు తట్టలేదు. వాక్యం మార్చడం లేదన్న ఒక్క మాట దగ్గర నా బుర్ర ఆగిపోయింది. ఒప్పుకున్నాను.

అమ్మ ఆయన వెళ్లాక అడిగింది. "ఏం భాష అన్నడు?"

"లాటిన్ అవ్వా. పాత కాలపు భాష. గొప్పది అంటరు."

"గొప్పదైతె పెట్టనియ్యి. కింద మనది గూడ ఉంటది గద?"

ఉంటుందనే అన్నాను. ఉండకపోవడం అనేది నాకు తోచలేదు.

బసంత్‌నగర్ దాటాక, మెయిన్ రోడ్డు నుంచి లోపలికి, వయసు మళ్లిన ఫాదర్లు ఉండే ఇల్లు ఒకటుంది. మా స్టూడెంట్ ఒకమ్మాయి చెప్పింది, అక్కడొక పెద్ద ఫాదర్‌కు లాటిన్ బాగా వచ్చని. సిమెంటు లారీల వెనక దుమ్ము తింటూ బస్సులో వెళ్లాను. ఆయన వెనక పెరట్లో స్టూలు మీద కూర్చుని వంకాయ మొక్కలకు మగ్గుతో నీళ్లు పోస్తున్నాడు. నేను బాటనీ అనగానే పరీక్ష పెట్టాడు.

"జామచెట్టును ఏమంటారు?"

"సిడియం గ్వజావా."

"ఆ గొంతు చూడు, జామకాయను తిడుతున్నట్టుంది. మళ్లీ చెప్పు."

మూడుసార్లు చెప్పించాడు. ఇంత వయసొచ్చాక నాకు మార్కులు కోసినవాడు ఆయనొక్కడే. తర్వాత మా వాక్యం చదివాడు. నవ్వు ఆపేశాడు. ఎవరు, ఎప్పుడు, ఏమైంది అని అడిగాడు. చెప్పాను. కట్టెతో బండను కొట్టి వినడం కూడా చెప్పాను. ఖాళీ మగ్గు పక్కన పెట్టి, కాగితం అడిగి, రెండు చిన్న ముక్కలు రాసి, పైకి చదివాడు. ప్రేమోనువేరుంత్. నేమో ఆవుదీవిత్.

"ఇంతేనా ఫాదర్?"

"ఇంతే. మీ అమ్మ ఎంత చెప్పిందో అంతే." కాగితం నాకు ఇవ్వకుండా పట్టుకున్నాడు. "ఒకటి చెప్పు తల్లీ. దీన్ని ఎవరు చదవాలి?"

"అంటె?"

"నేను సెమినరీలో ఉండగా పూజంతా లాటినే. తర్వాత తెలుగులోకి మారింది. మా ఊళ్లో ఒక ముసలమ్మ, పుట్టినప్పటి నుంచి గుడికి వచ్చిన మనిషి, మొదటిసారి తెలుగులో విని బయటికొచ్చి నా చొక్కా పట్టుకుంది. 'ఇన్నేళ్లూ మీరు లోపల చెప్పింది ఇదా? నాకెందుకు చెప్పలేదురా?' అంది. నేనేం జవాబు చెప్పను? దేవుడికి ఏ భాషైనా ఒకటే. ఈ రాయి దేవుడి కోసమైతే లాటిన్ ఉండనివ్వు. మనుషుల కోసమైతే పైన తెలుగు పెట్టించు."

బస్సులో కూర్చుని ఆ రెండు ముక్కలూ అధ్యక్షుడి ఫోన్‌కు పంపాను. పైన తెలుగు వాక్యం, కింద లాటిన్ ఉండాలని రాశాను. బొటనవేలు బొమ్మ వచ్చింది. మా దేశంలో ఎన్ని అబద్ధాలు ఆ బొటనవేలు మీద నడుస్తున్నాయో.

క్వార్టర్‌కు వెళ్లి అమ్మకు లాటిన్ చదివి వినిపిస్తే, "ప్రేమ అంటున్నవేందే, ప్రేమ ఏడ సచ్చింది అండ్ల?" అని కసిరింది. ఇద్దరం నవ్వుకున్నాం కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

కమిటీ మీటింగు కమ్యూనిటీ హాల్లో. రాయి నమూనా బొమ్మ గోడకు అంటించారు. పైన హెల్మెట్, దీపం. కింద నాలుగు పేర్లు తెలుగులో. వాటి కింద లాటిన్, బంగారు రంగులో. అంతే.

"తెలుగు వాక్యం ఏది?" అన్నాను.

"స్థలం సరిపోదు మేడం" అన్నాడు అధ్యక్షుడు.

"హెల్మెట్ చిన్నగ చెయ్యుండ్రి."

"డిజైన్ ఫైనల్ అయిపోయింది."

"అయితె లాటిన్ తీసేసి ఆ జాగల తెలుగు పెట్టుండ్రి. మా వాక్యం అక్షరం మారదన్నరు గద. అది తెలుగుల పుట్టింది. పుట్టినింట్లనే ఉండనియ్యుండ్రి."

కుర్చీలు కిర్రుమన్నాయి. చివరకు మూల కూర్చున్న పాత లీడరు, మంచి మనిషే, మా తమ్ముడి దినాలకు అన్నీ దగ్గరుండి చూసినవాడు, బతిమాలుతున్నట్టుగా అన్నాడు:

"అక్కా, తెలుగుల పెడితె అందరు సదువుతరు గదా."

అమాయకంగా అన్నాడు. అంత నిజం ఆ హాల్లో అంతకుముందెవరూ అని ఉండరు. పక్కాయన మోచేత్తో పొడిచాడు. ఆలస్యమైంది. వద్దనే ధైర్యం లేదు, తెలుగులో పెట్టే ధైర్యం లేదు. అందుకని మా నాలుగిళ్ల మాటకు ఎవరూ చదవలేని బట్ట కట్టి నిలబెడుతున్నారు. ఆ బట్ట కుట్టింది నేను. దుమ్ములో బస్సెక్కి వెళ్లి మరీ కుట్టించుకొచ్చాను.

"రాయి కట్టేది సదువకుండ ఉండనీకా?" అన్నాను. "అట్లయితె గ్రానైట్ ఎందుకు, బురఖా కప్పుండ్రి. అగ్గువల అయితది."

"మేడం, ఆవేశపడకండి" అన్నాడు అధ్యక్షుడు. "ఆ రోజుల్లో పనిచేసినవాళ్లు ఈ ఊళ్లోనే ఉన్నారు. వాళ్ల పిల్లలున్నారు. దారిన పోయేటప్పుడు వాళ్ల మనసు నొచ్చుకోకూడదు. మీ మాటా ఉండాలి, వాళ్ల మర్యాదా ఉండాలి. ఇద్దరికీ న్యాయం జరగాలనే కదా ఈ మార్గం."

"మా అవ్వ మనసు రబ్బరుతోని చేసిండ్రా సార్?"

స్వీట్ల గురించి చర్చ మొదలైంది.

ఆ కోపం మీదే మరదలి దగ్గరికి వెళ్లాను. నాలుగిళ్ల వాళ్లం కలిసి రాయి మీద మనవాళ్ల పేర్లు తీసేయమందాం, వాళ్లు దిగొస్తారు అన్నాను. ఆమె పిల్లల యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. ఇస్త్రీ ఆపలేదు.

"వదినె, నన్ను దీంట్లకు గుంజకు. నిన్న మా సెక్షన్ల అడిగిండ్రు, మీ ఆడిబిడ్డ గట్ల ఎందుకు చేస్తున్నదని. నవ్వుకుంటనే అడిగిండ్రు."

"అడిగితె? ఏం పీకుతరు?"

"నన్ను ఏడికన్న దూరం బదిలీ ఏస్తరు. పిల్లగాడు టెన్త్. అవ్వకు దవాఖాన ఈడ. నీ కొలువు కాలేజీల ఉన్నది వదినె, నాది ఆళ్ల చేతుల ఉన్నది. నీకు నోరు ఉన్నది, మంచిగనే ఉన్నది. దాని ఖర్చు ఎవల మీద పడ్తదో జర చూడు."

ఆమెను కూడా తిట్టాలని నోటిదాకా వచ్చింది. ఇస్త్రీ పెట్టె కింద ఆ చిన్న చొక్కా కాలర్ చూసి ఆగిపోయాను. వాళ్లకు కావలసింది కూడా సరిగ్గా అదే, నేను అక్కడ ఆగడం. అది తెలిసి కూడా ఆగాను, రాయి మీద తెలుగు ఉండదన్న సంగతి అమ్మకు చెప్పకుండా దాచాను. ఇది రాస్తుంటే కూడా నాకు ఆమె మీద కోపం లేదు. ఆమెను ఆ మాట అనేలా చేసినవాళ్ల మీద ఉన్న కోపానికి మాత్రం ఈ జన్మ చాలదు.

ప్రారంభం రోజు టెంటు వేశారు. ఎర్ర కుర్చీలు, కూలర్లు, బూంది లడ్డూలు. కరీంనగర్ నల్ల గ్రానైట్, మెరుస్తూ నిలబడింది. ముఖ్య అతిథి తాడు లాగాడు, గుడ్డ జారింది, చప్పట్లు. కుటుంబాల వాళ్లను రాయి దగ్గరికి పిలిచి ఒక్కో దండ ఇచ్చారు.

మా అమ్మ రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంది. వేలు పెట్టి కూడబలుక్కుని చదువుతుంది. దండ నా చేతిలో పెట్టి, కొడుకు పేరు మీద వేలు పెట్టి ఒక్కో అక్షరమూ పలికింది. పేరు అయిపోయాక వేలు కిందికి జరిగింది. బంగారు రంగు మీద ఆగింది. కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి తిరిగింది.

"మన మాట ఏడున్నదే?"

"గదే అవ్వా."

"ఇది ఇంగ్లీషు గద."

"ఇంగ్లీషు గాదు. నేను చెప్పలేదా, గా లాటిన్."

"కింద మనది?"

"పెట్టలే."

వేలు తీయలేదు. "గీ భాష ఇక్కడ ఎవలు మాట్లాడుతరు?"

"ఎవలు మాట్లాడరు. ఏడ మాట్లాడరు ఇప్పుడు."

అమ్మ నా వైపు తిరిగింది. "ఎవలు మాట్లాడని భాషల నా కొడుకు మాట రాసిండ్రా?"

ఫాదర్ ఆ ముసలమ్మకు జవాబు చెప్పలేకపోయాడు. నేను చెప్పకుండా ఉండలేకపోయాను. మైకు దాకా పోనక్కర లేదు, నాకు క్లాసు గొంతుంది. వెనక బెంచీ దాకా వెళ్తుంది. జనం వైపు తిరిగి అన్నాను: "ఈ రాయి మీద ఏం రాసి ఉన్నదో ఇంటరా? వాళ్లు ముందే చెప్పారు. ఎవరూ వినలేదు. ఇదే రాసి ఉన్నది. నాలుగిళ్లోళ్లం రాయించినం."

గట్టిగా, మెల్లగా, రెండుసార్లు అన్నాను. ఖాలా రాయికి అవతలి పక్క నిలబడి, "బోలే థే! కోయీ నై సునే!" అని అదే మాట తన భాషలో ఏడుస్తూ అరిచింది. పత్తి చేను పెద్దమనిషి తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. కుర్చీల్లో కొందరు లేచి నిలబడ్డారు, ఎందుకు లేచారో వాళ్లకే తెలియనట్టు. మా మరదలు మాత్రం నేల చూస్తూ పిల్లల చేతులు గట్టిగా పట్టుకుంది.

అప్పుడు అధ్యక్షుడు మైకు తీసుకున్నాడు. ఎంత మెత్తగా అన్నాడనుకున్నారు! "మేడం గారి భాషాభిమానాన్ని మనమందరం గౌరవించాలి. తెలుగులో లేదే అన్న ఆవేదన సహజం. అనువాద ఫలకం విషయం కమిటీ తప్పకుండా పరిశీలిస్తుంది." ఫెళ్లున చప్పట్లు. ముఖ్య అతిథి అందుకుని అమ్మభాష ఔన్నత్యం మీద చాలాసేపు మాట్లాడాడు. అలా పుట్టింది మీరు విన్న కథ. నేను చెప్పిన మాటను వాళ్లు నా కళ్లముందే, తెలుగులోనే, ఇంకో మాటగా మార్చేశారు. దానికి లాటిన్ కూడా అవసరం పడలేదు. పరిశీలన ఇంకా జరుగుతూనే ఉంది, ఫలకం రాలేదు.

అందరూ లడ్డూల దగ్గర మూగాక ఒకతను నా పక్కకు వచ్చాడు. ముఖం ఎరిగినదే, పేరు తెలియదు. ఇంకా సర్వీసులో ఉన్నవాడు. అదీ డ్యూటీ చొక్కా చూస్తే తెలిసింది. నన్ను చూడకుండా రాయిని చూస్తూ మాట్లాడాడు.

"అక్కా, తప్పు రాయించిండ్రు."

"లాటినా? ఫాదర్ రాసిచ్చిండు."

"అది గాదు. ఎవ్వలు ఇనలే అన్నరు గద. ఇన్నడు. నేనున్న ఆడ. మీ తమ్ముడు కట్టెతోని కొట్టి సూపెట్టిండు. మా మీద పని చూసేటాయన ఆ కట్టె తీస్కొని తను గూడ కొట్టిండు. మోగలే. ఇంకో పక్కకు జరిగి మళ్ల కొట్టిండు. మోగలే. గీ షిఫ్టు ఎల్లదియ్యుండ్రి, సపోర్టు రేపు పెట్టిద్దాం అన్నడు. నన్ను ఏదో సామాన్ తెమ్మని బయటికి తోలిండు. గట్ల బతికిన."

"ఎవలన్నా? ఎవలు కొట్టిండ్రు?"

అతను టెంటు వైపు చూశాడు. కుర్చీల వైపా, స్టేజీ వైపా, లడ్డూల దగ్గరి గుంపు వైపా, నాకు అర్థం కాలేదు. "నాకింక సర్వీసున్నదక్కా" అన్నాడు. చేతిలోని లడ్డూ కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని బండి తీశాడు. తర్వాత వాళ్లనీ వీళ్లనీ అడిగి ఇల్లు పట్టుకుని రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి డ్యూటీలో ఉన్నాడన్నారు. రెండోసారి లోపల అతని దగ్గు వినబడుతుండగానే డ్యూటీలో ఉన్నాడన్నారు.

అమ్మను అడిగాను, తమ్ముడు ఎవరి పేరైనా అన్నాడా అని. "ఆడు పేర్లు చెప్పలే. చెప్తనే ఉన్నం అన్నడు, గంతే" అంది.

కాబట్టి మా నాలుగిళ్ల వాక్యం సగమే నిజం. లాటిన్ తీసేసి తెలుగులో చెక్కించినా సగమే నిజం. ఒకడు విన్నాడు. విని, నమ్మక, తన చేత్తో కట్టె పట్టుకుని తన చెవితో మళ్లీ విన్నాడు. పగిలిన కుండ చప్పుడు ఏమిటో తెలిసిన మనిషి, దాని కింద నలుగురిని నిలబెట్టి పక్కకు తప్పుకున్నాడు. ఆ తర్వాత టిఫిన్ డబ్బాల కథ చెప్పాడో, చెబుతుంటే తల ఊపాడో. బహుశా ఆ రోజు టెంటు కింద కూర్చుని, నేను రెండుసార్లు అన్న మాటకు రెండుసార్లూ ఊపిరి పీల్చుకున్నాడు, ఎవరూ వినలేదని మేమే రాయి మీద ఒప్పుకున్నాం కదా అని.

శాలువాలు కప్పేవాళ్లూ, దండాలు పెట్టేవాళ్లూ, నా భాషాభిమానాన్ని మెచ్చుకునేవాళ్లూ మీ దారిన మీరు పోండి. ఆ షిఫ్టులో ఉండి ఇది చదువుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లను ఒక్కటే అడుగుతున్నాను. తెలుగులోనే అడుగుతున్నాను. ఆ పొద్దు మా తమ్ముడి చేతిలోంచి కట్టె తీసుకుని బండను కొట్టి చూసింది ఎవరు?